ఫంగస్ ఒకటే, ఒంటి తీరే వేరు

వానలు ముదిరేకొద్దీ మాకు వచ్చే ఉత్తరాల్లో తామర, దురద, ఆయాసం పెరుగుతాయి. ఈసారి ఫంగస్ చుట్టూ తిరిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాం. చర్మం, ఛాతీ, కంటి వైద్యులు కలిసి రాసిన జవాబులివి.

ప్రశ్న: అన్నం రెండు రోజులుంటే బూజు పడుతుంది. వానకాలంలో చెప్పులకూ బెల్టుకూ పడుతుంది. మరి బతికున్న మనిషికి ఎందుకు పట్టదు? మా సైన్స్ సారు ‘ఇమ్యూనిటీ వల్ల’ అన్నారు. అంతేనా?
– పదో తరగతి విద్యార్థిని, జనగామ

జవాబు: మీ సారు చెప్పింది సగం తల్లీ. మిగతా సగం వేడి. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. బూజుల్లో చాలా రకాలకు 25, 30 డిగ్రీలు హాయి. అక్కడి నుంచి 40 దాకా ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ దాదాపు 6 శాతం ఫంగస్‌లు తట్టుకోలేక తప్పుకుంటాయని పరిశోధకులు లెక్కగట్టారు. కప్పలకు ఈ వేడి కవచం లేదు. అందుకే కైట్రిడ్ అనే ఫంగస్ ప్రపంచమంతటా వందల ఉభయచర జాతులను దెబ్బతీసింది.

వేడిని తట్టుకున్నవాటికి రెండో కాపలా మన తెల్లకణాలు. ఫంగస్ కణానికి గోడ ఉంటుంది, మన కణానికి ఉండదు. ఆ గోడలో బీటా-గ్లూకాన్ అనే చక్కెర గొలుసులుంటాయి. తెల్లకణాల మీద ఉండే డెక్టిన్-1 అనే గ్రాహకం ఆ గొలుసును తడిమి ‘ఇది మనది కాదు’ అని పట్టేస్తుంది. తర్వాత పని పరిమాణాన్ని బట్టి. గింజలాంటి స్పోరు అయితే (మీ పాఠంలో సిద్ధబీజం అని ఉంటుంది) కణం దాన్ని మింగేస్తుంది. అది మొలకెత్తి తీగ సాగిందంటే మింగడానికి పట్టదు. అప్పుడు న్యూట్రోఫిల్ అనే తెల్లకణం తన డీఎన్ఏనే వలలా బయటికి విసిరి, ఆ వలకు అంటుకున్న విషపదార్థాలతో తీగను దెబ్బకొడుతుంది. ఆ పనిలో చాలాసార్లు తానూ చచ్చిపోతుంది.

ఈ కాపలా లేకపోతే ఏమవుతుందో 1996లో ఫ్రాన్స్‌లో జూల్ హాఫ్‌మన్ బృందం చూపించింది. టోల్ అనే జన్యువు పనిచేయని పండు ఈగలకు ఆస్పర్‌జిల్లస్ అనే బూజు సోకితే, అవి చచ్చి ఒంటినిండా బూజు నూగుతో మిగిలాయి. నువ్వు అడిగిన అన్నం ముద్దలాగే. 2011లో హాఫ్‌మన్‌కు నోబెల్ రావడానికి ఈ పనే ముఖ్య కారణం.

ప్రశ్న: నేను బొగ్గు బాయిలో పనిచేస్తా. ఏడాదిగా గజ్జల్లో, నడుం చుట్టూ తామర. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే మూడు రోజుల్లో దురద పోతుంది, ఆపిన వారానికి రెండింతలై వస్తుంది. ఇప్పుడు మా ఇంటామెకూ పాకింది. నాకు ఇమ్యూనిటీ లేదా?
– భూపాలపల్లి

జవాబు: మీ ఇమ్యూనిటీకి వచ్చిన లోటు ఆ ట్యూబు తెచ్చింది. దాని మీద అచ్చేసిన పేర్లు ఒకసారి చదవండి. క్లోబెటసాల్ గానీ బీటామెథసోన్ గానీ ఉంటే అది స్టెరాయిడ్. ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, స్టెరాయిడ్ కలిపి కొట్టిన ఈ మిశ్రమాలే మన దగ్గర తామరను మొండిగా మార్చాయి. స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. అమలు సంగతి మీకు తెలిసిందే.

అసలు జరిగేది ఇది. తామర ఫంగస్ తినేది కెరటిన్. చర్మంలో చచ్చిన పైపొర, వెంట్రుక, గోరు దాని తిండి. నెత్తురు పారని పొర కాబట్టి తెల్లకణాలకు అది అందడం కష్టం. కింది బతికున్న పొరకు వాసన తగిలాకే టి-కణాలు అనే తెల్లకణాలు పోగవుతాయి, వాపు మొదలవుతుంది, చర్మం త్వరత్వరగా పొట్టు రాలుస్తుంది. పొట్టుతోపాటు ఫంగస్ కూడా రాలాలన్నది ఒంటి ఎత్తుగడ. తామర గుండ్రంగా, అంచు ఎర్రగా, నడుమ తేటగా ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. నడుమ ఒళ్లు గెలిచింది, ఫంగస్ బయటికి పాకింది, అంచు దగ్గర పోరు నడుస్తోంది. ఆ దురద పోరు చప్పుడే. స్టెరాయిడ్ ఫంగస్‌ను చంపదు, పోరును ఆపుతుంది. దురద తగ్గుతుంది, ఫంగస్ నిమ్మళంగా మేస్తుంది. కొన్నాళ్లకు గుండ్రటి ఆకారం కూడా చెదిరి, చూసిన డాక్టరు గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది. గజ్జల్లో చర్మం పలచబడి తెల్లటి చారలు పడితే అవి మళ్లీ పూర్తిగా పోవు.

ఇంకో మాట. దూడ నుంచి అంటిన తామర బాగా వాచి, చీము పట్టి, చాలామందిలో దానంతటదే మానుతుంది. మనిషి నుంచి మనిషికి అంటేది అంత వాపు తేకుండా ఏళ్లకేళ్లు కూర్చుంటుంది. మన ఒంటితో కలిసి బతకడం అలవాటైన ఫంగస్ ఒంటిని రెచ్చగొట్టకుండా ఉండటం నేర్చుకుంది. దీర్ఘకాలం తామర ఉన్న చాలామందిలో కావలసిన టి-కణాల పోరు మందంగా ఉండి, అలర్జీకి సంబంధించిన ఐజీఈ అనే యాంటీబాడీ మాత్రం ఎక్కువగా కనిపిస్తుంది. అంటే దురద ఉంటుంది, వదిలించుకునే శక్తి ఉండదు. పశువులకు తామర టీకా ఉంది. మనుషులకు ఏ ఫంగస్‌కూ టీకా రాలేదు.

ఇక చేయవలసింది. ఆ ట్యూబు ఆపండి. ఆపిన మొదటి వారం, పది రోజులు దురద, ఎరుపు పెరుగుతాయి. ఒళ్లు మళ్లీ పోరులోకి దిగిందని గుర్తు. అక్కడే భయపడి చాలామంది మళ్లీ ట్యూబు పడతారు. చర్మవైద్యుడు అంచు నుంచి (నడుమ నుంచి కాదు) పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు. ఖర్చు తక్కువ, ఫలితం ఆ రోజే. ఫంగస్ క్రీము రాస్తుంటే పరీక్షకు ముందు వారం, రెండు వారాలు ఆపాలి, లేకపోతే ఉన్నదీ కనిపించదు.

క్రీము మచ్చ అంచుకు బయట 2 సెంటీమీటర్ల నుంచి మొదలుపెట్టి లోపలికి రాయాలి. బయటి నుంచి లోపలికి అన్నది గుర్తుంచుకోండి, లోపలి నుంచి బయటికి రుద్దితే మీరే పాకించినట్టు. మచ్చ కనిపించకుండా పోయాక ఇంకో 2 వారాలు రాయాలి. మీకున్నంత వ్యాపించినదానికి నోటి మాత్రలు తప్పవు. ఒకప్పుడు టెర్బినాఫిన్‌తో 2 వారాల్లో తేలిపోయేది. 2020లో కొత్తగా పేరు పెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే రకం చాలాసార్లు దానికి లొంగడం లేదు, మందు పట్టుకోవలసిన ఎంజైమునే మార్చుకుంది. అందుకే ఇప్పుడు ఇట్రాకొనజోల్ ఎక్కువగా రాస్తున్నారు, వారాల తరబడి. ఈ క్యాప్సూల్ కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవాలి. అది కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి. గ్యాసుకని పరగడుపున పాంటాప్రజోల్ వేసుకునేవాళ్లకు మందు సగం కూడా ఒంటబట్టదు, తర్వాత ‘మాత్రలూ పనిచేయలేదు’ అంటారు. గుండె బలహీనత ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. లివర్ పరీక్ష డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించుకోవాలి.

మొలతాడు తీసేయండి. పట్టింపు ఉంటే కనీసం కొత్తది కట్టుకుని, స్నానం చేశాక ఆరనివ్వండి. నడుం చుట్టూ తామర తిరగబెట్టడానికి తడి మొలతాడు పెద్ద కారణం, అందులో స్పోర్లు దాక్కుంటాయి. గమ్‌బూట్లలో నానిన కాళ్ల వేళ్ల సందులు చూసుకోండి. చాలామందికి గజ్జల తామర వచ్చేది అక్కడి నుంచే. అందుకే బట్టలు వేసుకునేటప్పుడు ముందు సాక్సులు, తర్వాత డ్రాయరు. షిఫ్టుకు రెండు జతల సాక్సులు పట్టుకెళ్లండి. తువ్వాల, దుప్పటి ఎవరిది వారికే. బట్టలు వేడినీళ్లలో నానబెట్టి ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. ఇంట్లో ఎవరికి మచ్చ ఉన్నా అందరికీ ఒకేసారి వైద్యం జరగాలి. మీకు తగ్గి ఆమెకు మిగిలితే నెలకు మళ్లీ మీకే.

ప్రశ్న: ఏనుమాముల దగ్గర కోల్డ్ స్టోరేజీలో మిర్చి తొడిమెలు తీసే పనికి వెళ్తాను. తాలు కాయలు, బూజు పట్టినవి ఏరేటప్పుడు దగ్గు, ఆయాసం. ఊపిరితిత్తుల్లో బూజు పెరుగుతుందా?
– వరంగల్

జవాబు: ముందు గడియారం చూడండి. దగ్గు మొదలయ్యే వేళను బట్టి మూడు వేరువేరు సంగతులున్నాయి.

బస్తా విప్పగానే తుమ్ము, దగ్గు, కళ్లమంట వచ్చి, బయటికెళ్తే పది నిమిషాల్లో సర్దుకుంటే అది కారం ఘాటు. కాప్సైసిన్ నేరుగా నరాలను రేపుతుంది, ఇందులో ఇమ్యూనిటీ ప్రమేయం లేదు, అందరికీ వస్తుంది. కొద్ది నిమిషాల్లో పిల్లికూతలు మొదలై గంటా రెండు గంటలు ఛాతీ బిగిస్తే ఉబ్బసం. దానికి కారణం ఐజీఈ. మూడోదాన్ని జనం పట్టించుకోరు: పనిలో బాగానే ఉండి, 4 నుంచి 8 గంటల తర్వాత ఇంటికొచ్చాక చలిజ్వరం, పొడిదగ్గు, ఒళ్లునొప్పులు, ఒకటి రెండు రోజుల్లో తగ్గి, మళ్లీ పనికెళ్తే మళ్లీ అదే. దీన్ని మలేరియా, ఫ్లూ అనుకుంటారు. ఇది బూజు దుమ్ము మీద ఐజీజీ అనే మరో యాంటీబాడీ, టి-కణాలు చేసే ఆలస్యపు దాడి. తడిసిన గడ్డివాము కదిలించే రైతులకూ, షెడ్డులో పుట్టగొడుగులు పెంచేవాళ్లకూ వస్తుంది. (గడ్డివాములో అసలు దోషి చాలాసార్లు ఫంగస్ కాదు, వేడికి పెరిగే ఒక రకం బ్యాక్టీరియా. ఒంటికి మాత్రం ఆ తేడా లేదు.) ఏళ్లు గడిస్తే ఊపిరితిత్తి గట్టిపడుతుంది. మూడోది మీదైతే మందు కన్నా ముందు పని మారడమే వైద్యం.

బూజు పెరుగుతుందా అన్నారు. ఆస్పర్‌జిల్లస్ స్పోరు 2, 3 మైక్రాన్లు ఉంటుంది, ఊపిరితిత్తి అడుగు దాకా పోతుంది. మిర్చి జోలికి పోనివాళ్లు కూడా రోజూ వందల స్పోర్లు పీలుస్తారు. స్పోరు మీద నీరంటని ప్రొటీన్ పొర ఉంటుంది, దాని చాటున గ్లూకాన్ కనిపించదు. మొలకెత్తడానికి ఉబ్బినప్పుడే పొర చిరిగి బయటపడుతుంది, ఊపిరితిత్తిలోని కాపలా కణాలు అప్పుడు పట్టుకుంటాయి. మొలకెత్తేదాని మీదే వాపు తెచ్చి, నిద్రపోయేదాన్ని వదిలేయడం ఒంటికి లాభమే. రోజూ వందలు పీల్చే మనకు ప్రతిదానికీ జ్వరం వస్తే బతకలేం.

ఉబ్బసం ఉన్న కొందరిలో ఈ లెక్క తప్పుతుంది. స్పోరు చిక్కటి కఫంలో మొలకెత్తుతుంది, ఒళ్లు దాన్ని చంపే బదులు ఐజీఈని, ఇయోసినోఫిల్స్ అనే అలర్జీ తెల్లకణాలను గుమ్మరిస్తుంది. గోధుమరంగు కఫం ముద్దలు, ఎక్స్‌రేలో మచ్చలు వస్తాయి, ఊపిరి గొట్టాలు సాగిపోతాయి. దీన్ని ఏబీపీఏ అంటారు. మన దగ్గర ఎక్స్‌రే మచ్చ చూసి టీబీ మందులు పెట్టడం పరిపాటి. ఉబ్బసం అదుపులోకి రాకపోతే ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ అనే నెత్తుటి పరీక్ష అడగండి. అది 0.35 దాటి, మొత్తం ఐజీఈ 500 దాటితే సీటీ తీయాలి. వైద్యం ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ గానీ ఇట్రాకొనజోల్ గానీ, సుమారు 4 నెలలు. ఎనిమిది వారాలకోసారి ఐజీఈ చూసి తగ్గుతోందో లేదో తేలుస్తారు. పై ఉత్తరంలో తామరను పెంచిన స్టెరాయిడే ఇక్కడ మందు. అక్కడ పోరు చాలక, ఇక్కడ పోరు ఎక్కువై.

చేతిరుమాలు, తడి తువ్వాల 2 మైక్రాన్లను ఆపవు. ఎన్-95 ముక్కు మీద నొక్కి, రెండు పట్టీలూ తలకు వేసుకుని వాడండి, చెమటకు తడిస్తే మార్చండి. బూజు కాయలను విదిలించకుండా, తలుపు తీసి గాలి వీపు వైపు నుంచి వచ్చేలా కూర్చుని ఏరండి.

ప్రశ్న: ఆరేళ్ల కింద టీబీకి పూర్తి కోర్సు వాడాను. ఇప్పుడు అప్పుడప్పుడు కఫంలో నెత్తురు. మళ్లీ టీబీ మందులు మొదలుపెట్టమంటున్నారు.
– మంచిర్యాల

జవాబు: ముందు కఫంలో టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష, దాంతోపాటు ఛాతీ సీటీ, నెత్తుట్లో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ. టీబీ మానిన చోట కొందరికి ఊపిరితిత్తిలో గూడు (ఖాళీ గుంత) మిగులుతుంది. ఆ గూటి గోడకు తప్ప నడుమ ఖాళీకి నెత్తురు పోదు, తెల్లకణాలు చేరవు. స్పోరు అక్కడ పడితే తీగలు అల్లుకుని బంతి కడుతుంది. బోర్లా పడుకోబెట్టి తీస్తే ఆ బంతి దొర్లడం సీటీలో కనిపిస్తుంది. ఒంటికి అందని చోటు కనుక మందుకూ సరిగా అందదు. ఒక్క గూడే ఉండి, ఊపిరి బాగుంటే ఆపరేషన్ మేలు. లేదంటే ఇట్రాకొనజోల్ కనీసం 6 నెలలు. తేల్చుకోకుండా టీబీ మందులు మొదలుపెడితే ఇంకో చిక్కుంది. రిఫాంపిసిన్ ఈ ఫంగస్ మందును ఒంట్లోంచి తరిమేస్తుంది, రెండూ కలిపి వాడితే ఫంగస్ మందు వృథా. నెత్తురు గుక్కలుగా పడితే జబ్బున్న వైపుకే ఒత్తిగిలి పడుకుని (మంచి ఊపిరితిత్తిలోకి నెత్తురు దిగకుండా) వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా నాయినకు షుగర్ 300 పైనే ఉంటుంది. కరోనా అప్పటి బ్లాక్ ఫంగస్ ఇప్పుడూ వస్తుందా?
– కరీంనగర్

జవాబు: వస్తుంది, కరోనాకు ముందూ వచ్చేది. 2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పక తెలపవలసిన జబ్బుల్లో చేర్చింది. ఆ ఏడాది షుగరూ స్టెరాయిడూ ఒకరిలోనే కలిశాయి, అందుకే అంతమంది. ఆ ఫంగస్ నల్లగా ఉండదు. అది రక్తనాళాల్లోకి చొరబడి మూసేస్తే నెత్తురందక చచ్చిన కండ నల్లబడుతుంది. షుగర్ ఎక్కువైతే న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి. కీటోన్లు పేరుకుని నెత్తురు ఆమ్లమైతే, ప్రొటీన్ పట్టి ఉంచిన ఇనుము వదులవుతుంది. మ్యూకర్ అనే ఈ ఫంగస్‌కు కావలసింది ఆ ఇనుమే. అంటే కాపలావాడు నిద్రలో, గోదాము తలుపు బార్లా. ఒకవైపే ముఖం నొప్పి, తిమ్మిరి, పై పళ్లు కదలడం, ముక్కులోంచి నల్లటి చీమిడి, ఒకటి రెండుగా కనిపించడం: వీటిలో ఏదొచ్చినా ఆ పూటే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి. యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్, చచ్చిన కండ కోసేయడం, షుగర్ దించడం మూడూ కలిసి జరగాలి.

ప్రశ్న: ఫంగస్ రాకుండా ఇమ్యూనిటీ పెంచే మాత్రలు చెప్పండి.
– నిజామాబాద్

జవాబు: ఏ ఇమ్యూనిటీ? నోట్లో తెల్లపూతను ఆపేది ఐఎల్-17 అనే సంకేతం. సోరియాసిస్‌కు దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు వాడేవాళ్లలో కొందరికి తెల్లపూత వస్తుంది, వాళ్ల ఊపిరితిత్తుల్లో మాత్రం ఆస్పర్‌జిల్లస్ పెరగదు. కీమోతో న్యూట్రోఫిల్స్ పడిపోయినవాళ్లకు ఆస్పర్‌జిల్లస్ గండం. హెచ్‌ఐవీలో సీడీ4 కణాలు 100 కిందికి దిగితే క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మెదడు పొరల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఒక్కో తలుపుకు ఒక్కో కాపలా. అన్నింటినీ ఒకేసారి పెంచే మాత్ర లేదు, ఉన్నా ఏబీపీఏ రోగికి అది కీడే చేస్తుంది. పసుపు మాత్రలెందుకు, పసుపు కూరలో వేసుకోండి.

ప్రశ్న: ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడుతున్నా. నాలుక మీద తెల్లటి పొర. ఆపేయనా?
– పెద్దపల్లి

జవాబు: ఆపొద్దు. ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్ నోట్లో మిగిలి అక్కడి కాపలాను తగ్గించింది, అంతే. స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టి పీల్చండి, ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి. ఉన్న పూతకు నోట్లో పూసే క్లోట్రిమజోల్ మందు డాక్టరు రాస్తారు.

ప్రశ్న: వడ్ల మిషన్ దగ్గర కంట్లో పొట్టు పడింది. నాలుకతో తీయించాం, పసరు పోశాం. వారమైంది, ఎర్రగా ఉంది, నల్లగుడ్డు మీద తెల్ల చుక్క. షాపులో ఇచ్చిన చుక్కలతో నొప్పి కొంచెం తగ్గింది.
– జగిత్యాల జిల్లా

జవాబు: ఈ పుస్తకం మీ చేతికి వచ్చేసరికే ఆలస్యమై ఉండొచ్చు. అందుకే మీకు విడిగా ఉత్తరం రాశాం. మిగతావారి కోసం ఇక్కడ. కంటి ముందుపొర తేటగా ఉండాలి కాబట్టి ప్రకృతి దానికి రక్తనాళాలు పెట్టలేదు. అందుకే గీత పడిన చోట ఫ్యుజేరియం వంటి ఫంగస్ దిగితే తెల్లకణాలు ఆలస్యంగా వస్తాయి. వచ్చాక అవి చిమ్మే ఎంజైములు ఫంగస్‌తోపాటు పొరనూ కరిగిస్తాయి, మానినా మచ్చ మిగులుతుంది. నొప్పి తగ్గించిన ఆ చుక్కల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు ఉన్నాయేమో సీసా చూడండి. ఉంటే ఫంగస్‌కు దారి తెరిచినట్టే, ఆపేసి సీసా డాక్టరుకు చూపించండి. పసరు, ఆముదం, చనుబాలు, నాలుక ఏవీ కంటికి వద్దు. పొట్టు పడితే రుద్దకుండా శుభ్రమైన నీళ్లతో కడిగి, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చుక్క కనిపిస్తే గీకి మైక్రోస్కోపులో చూడాలి, అప్పుడే ఏ మందో తేలుతుంది. ఫంగస్ అయితే 5 శాతం నాటమైసిన్ చుక్కలు మొదట గంటగంటకూ, ఆ తర్వాత తగ్గిస్తూ వారాల తరబడి. ఆ మందు అడుగున పేరుకుంటుంది, ప్రతిసారీ సీసా బాగా కుదిపి వేయాలి. పుండు మీద తెల్లగా అంటుకుని కనిపించేది చాలామటుకు మందే, చీము అనుకుని తుడవకండి.